ఆకాశంలో కనిపించినదాన్ని ఎవరు విచారిస్తే మేలు: సైన్యమా, అంతరిక్ష సంస్థా?

తిరుపతిలో నేను సైన్సు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూపించి, "సార్, ఇది ఎగిరే పళ్ళెమేనా?" అని అడిగాడు. చీకటి పడుతున్న ఆకాశంలో విసనకర్రలా విచ్చుకున్న తెల్లని వెలుగు అందులో ఉంది. పొద్దుగుంకిన కాసేపటికి శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే, నేల మీద చీకటి పడినా, ఎత్తున ఉన్న దాని పొగ మీద ఎండ పడి సరిగ్గా అలాగే మెరుస్తుంది. కానీ అది నా ఊహే తప్ప విచారణ కాదు. విచారణ విషయంలో ప్రభుత్వాలు తొక్కిన దారులు ముఖ్యంగా రెండు.

అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా నడిపిన ప్రాజెక్ట్ బ్లూ బుక్ మొదటి దారి. 1947 నుంచి వచ్చినవాటితో కలిపి 12,618 కేసులు చూడగా 701 తేలకుండా మిగిలాయి. రాడార్లు, పైలట్ల నివేదికలు చేతిలో ఉండటం సైన్యానికి ఉన్న నిజమైన బలం. అయితే వచ్చింది శత్రువు విమానమా కాదా అన్నదే దాని మొదటి ప్రశ్న. 1953లో సీఐఏ కూర్చిన రాబర్ట్‌సన్ కమిటీ ఈ విషయంపై ప్రజల ఆసక్తిని తగ్గించమని సలహా ఇచ్చింది; తేలని కేసుల వివరాలు బయటపెట్టరాదన్న నియమమూ ఆ ఏడే వచ్చింది. దాని ఫలితం 1966లో కనిపించింది. మిషిగన్‌లో జనం చూసిన వెలుగులకు చిత్తడి నేలల వాయువు కారణం కావచ్చని ప్రాజెక్ట్ బ్లూ బుక్ సలహాదారైన ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ అంటే, చూసినవాళ్ళు తమను అవమానించారనే అనుకున్నారు.

ఫ్రాన్స్ ఈ పనిని 1977లో తన అంతరిక్ష సంస్థకు అప్పగించింది. తులూజ్‌లోని ఆ చిన్న విభాగం కోసం పోలీసులు సాక్షి వాంగ్మూలం తీసుకుంటారు. వాతావరణం, విమానాలు, గ్రహాల స్థానాలు సరిచూస్తారు. ఆ తర్వాత కేసును నాలుగు తరగతుల్లో ఒకదానిలో పెడతారు. ఖాయంగా తేలినది ఏ, బహుశా తేలినది బీ, సమాచారం చాలనిది సీ, సమాచారం ఉండీ తేలనిది డీ. ఇప్పుడు డీలో మిగిలేవి నూటికి మూడు మాత్రమే. 2007 నుంచి సాక్షుల పేర్లు తీసివేసి ఈ ఫైళ్ళను అందరికీ అందుబాటులో పెడుతున్నారు. సీనీ డీనీ కలపకపోవడం, ఆ తేడాను ఎవరైనా పరీక్షించగలగడం: నాకు ఈ దారే మేలనిపించడానికి కారణం ఇదే.

ఫోటోల విషయంలో ఈ బహిరంగత మరీ అవసరం. 1950 మే 11న అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు మెక్‌మిన్‌విల్ దగ్గర ఒక రైతు తీసిన రెండు ఎగిరే పళ్ళెం ఫోటోలను, వైమానిక దళం డబ్బుతోనే నడిచినా విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న కాండన్ కమిటీలో ఖగోళ శాస్త్రవేత్త విలియం హార్ట్‌మన్ పరీక్షించారు. అసలు నెగటివ్‌లు దొరికాయి కనుక వెలుగు తీవ్రతను కొలిచి, దూరంగా ఉన్న అసాధారణ వస్తువు అన్న సాక్షుల మాటకు అన్ని అంశాలూ పొసుగుతున్నాయని రాశారు. తర్వాత ఇలాంటి కథనాలను శంకించే రచయిత రాబర్ట్ షేఫర్ ఆ ఫోటోల్లో గోడ మీది నీడలను చూసి, అవి సాయంత్రం కాక ఉదయం తీసినవని వాదించారు. సాక్షులు చెప్పిన వేళే సందేహంలో పడింది. నెగటివ్, వేళ, స్థలం మూడూ బయట ఉండబట్టే రెండో మనిషి మొదటి మనిషిని ప్రశ్నించగలిగాడు. బీరువాలో మూసిపెట్టిన ఫైలు మీద ఆ వాదం పుట్టదు.

సైన్యాన్ని పూర్తిగా పక్కన పెట్టమని నేననను. 2012లో లడఖ్ సరిహద్దులో మన సైనికులు రోజూ చూసిన వెలుగులు పొరుగు దేశపు నిఘా వస్తువులేమోనన్న అనుమానం రేగింది. బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు వాటిని శుక్రుడు, గురుడు అని తేల్చారు. చూసి రాసుకోవడం సైనికులది, తేల్చడం ఖగోళవేత్తలది అయితే రెండు బలాలూ కలుస్తాయి.

మా పిల్లవాడు తెచ్చిన ఫోటో ఎవరు ఎక్కడ తీశారో తెలియదు. వాట్సాప్‌లో చేతులు మారేసరికి తీసిన వేళ, కెమెరా వివరాలు ఫైలులోంచి పోయాయి. ఫ్రాన్స్ పద్ధతిలో అది సీలోకే వెళ్తుంది. ఈసారి అలాంటి వెలుగు కనిపిస్తే తానే ఫోటో తీసి, అసలు ఫైలును ఎవరికీ పంపకముందే దాచి, వేళా దిక్కూ రాసి, పక్కన ఒక చెట్టో స్తంభమో ఫ్రేములో పడేలా చూడమని చెప్పాను.