సొలిసిటర్ మీద కేసు వేసే సొలిసిటర్లు: పనికి నాలుగు స్టార్లు, ఈమెయిల్స్‌కి రెండు

ఇంగ్లండ్‌లో మన సొలిసిటర్ (ఇల్లు కొనడం లాంటి పనుల్లో చట్టపరమైన వ్యవహారాలు చూసే లాయరు) తప్పుడు సలహా ఇచ్చినా, చెప్పాల్సింది చెప్పకపోయినా, వాళ్ల మీద క్లెయిమ్ వేయడానికి ప్రత్యేకంగా కొన్ని ఫర్మ్‌లున్నాయి. అలాంటి ఒక ఫర్మ్ సర్వీసు గురించే ఈ రివ్యూ. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు.

మాది రెడింగ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్, అంటే ఫ్లాట్ దీర్ఘకాలం లీజుకే మనది, స్థలం వేరేవాళ్లది. 2017 అక్టోబర్‌లో కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యాయి (అంటే కొనుగోలు ఖాయమైంది), సొలిసిటర్‌ని బిల్డరే చూపించాడు. గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి కట్టే అద్దె) ఏడాదికి 250 పౌండ్లే కదా అనుకున్నాం, తీరా చూస్తే అది పదేళ్లకోసారి రెట్టింపు, నలభై ఏళ్లు దాటేసరికి ఏడాదికి 4,000. మాకిచ్చిన రిపోర్టులో ఆ క్లాజు ఊసే లేదు. 2022లో అమ్మబోతే కొనేవాళ్ల బ్యాంకు లోన్ ఇవ్వనంది, అప్పుడు బయటపడింది. పాత సొలిసిటర్‌కి కంప్లైంట్ పెడితే "పరిశీలిస్తున్నాం" అంటూ నెలలు నెట్టుకొచ్చారు.

ఈ ఫర్మ్‌లో నాకు బాగా నచ్చింది మొదటి ఫోన్ కాల్, అది ఫ్రీ. నేను నా గోడు వెళ్లబోసుకుంటుంటే ఫోన్‌లో మాట్లాడిన లాయరు ఆవిడ ఆపి, "ముందు తేదీలు చెప్పండి" అన్నారు. 1980 లిమిటేషన్ యాక్ట్ ప్రకారం మామూలు గడువు ఆరేళ్లు. కాంట్రాక్టు కింద అయితే తప్పు జరిగిన రోజు నుంచి, నెగ్లిజెన్స్ (నిర్లక్ష్యం) కింద అయితే నష్టం జరిగిన రోజు నుంచి, మా లాంటి కేసుల్లో ఆ నష్టం ఎక్స్‌ఛేంజ్ నాడే జరిగినట్టు లెక్కేస్తారట. ఆలస్యంగా తెలిసినవాళ్లకి, తెలిసిన రోజు నుంచి మూడేళ్లు అని సెక్షన్ 14ఏ ఇంకో దారి ఇస్తుంది, కానీ అది నెగ్లిజెన్స్‌కే వర్తిస్తుంది, పైగా తప్పు జరిగి పదిహేనేళ్లు దాటితే అదీ మూసుకుపోతుంది. కాస్త ఆరా తీసుంటే ముందే తెలిసేదని కోర్టుకి అనిపించినా అప్పటి నుంచే లెక్క. అందుకని ఆవిడ ఆ మూడేళ్లను నమ్ముకోలేదు. పాత రిపోర్టు స్కాన్ తెప్పించుకుని, పైన మూలన ఉన్న సెప్టెంబర్ తేదీ చూసి, అక్కడి నుంచే ఆరేళ్లు లెక్కపెట్టారు.

క్లెయిమ్ లెటర్ పంపితే అవతలివాళ్లు 21 రోజుల్లో అందిందని చెప్పాలి, ఆ తర్వాత విచారణకి మూడు నెలలు. ఈ లోపు గడువు ఆగదు! లాయర్ల సేవల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేసినా ఆగదు (అక్కడ ఇప్పించగలిగేది గరిష్ఠంగా 50,000 పౌండ్లు). అందుకే స్టాండ్‌స్టిల్ అగ్రిమెంట్ అని, గడువును అంతటితో నిలిపి ఉంచే ఒప్పందం మీద 2023 ఆగస్టులో సంతకాలు చేయించారు. ఆ సంతకం పడేదాకా మా ఇంట్లో టెన్షనే.

ఇక విసుగు తెప్పించినవి. సంతకాలయ్యాక ఫైల్ జూనియర్ చేతికెళ్లింది, ఈమెయిల్‌కి బదులు రావాలంటే రెండోసారి గుర్తుచేయాల్సిందే. బిల్లు ఆరు నిమిషాలకో యూనిట్ లెక్కన, పైన 20 శాతం వ్యాట్. "మీ మెయిల్ అందింది" అన్న ఒక్క లైనుకీ ఒక యూనిట్ వేశారు. అడిగితే తీసేశారు లెండి, కానీ అడగాలి.

స్కాట్లండ్‌లో కొన్నవాళ్లు వీళ్లకి ఫోన్ చేసి లాభం లేదు, అక్కడ చట్టమే వేరు, మామూలు గడువు ఐదేళ్లే.