జాగ్రత్త: ‘ఏడాది మొత్తం రీడింగ్ కిట్’ అంటే ముందే డబ్బు కట్టకండి

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. “ఏడాదికి సరిపడా కథల పుస్తకాలు, నెలవారీ ప్లాన్‌తో సహా” అనే ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో మీరూ చూసే ఉంటారు. డబ్బంతా ముందే కట్టించుకుంటారు. ఏయే పుస్తకాలు పంపుతారండీ అని అడిగితే “చెప్పేస్తే పిల్లలకి సర్‌ప్రైజ్ ఉండదు కదా మేడమ్” అంటారు. 6,800 రూపాయలకి ఆ సర్‌ప్రైజ్ మా ఇంటికీ వచ్చింది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, పెట్టెలో ఏముందో చెబితే ఎవరిదైనా మీరే పోల్చుకోగలరు.

ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ కవర్ సీల్ వేసి ఉంది. కవర్ చించితే వాపసు తీసుకోబోమని లోపల ఒక చీటీ. చించకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందో వాళ్లకే తెలియాలి.

ముందు తెలుగు పుస్తకాల సంగతి. వత్తులు అక్షరం కింద లేవు. “అమ్మ” బదులు “అమ్ మ”, “పిల్లి” బదులు “పిల్ లి”. ఎక్కడిదో టెక్స్ట్ కాపీ చేసి, ఫాంట్ చెడిపోయినా ఒక్కరూ చదివి చూడకుండా ప్రింట్‌కి పంపేసినట్టుంది. పెద్దవాళ్లం ఊహించుకుని చదివేస్తాం. గుణింతాలు దాటి ఇప్పుడిప్పుడే వత్తుల్లోకి వచ్చిన మా అమ్మాయి మాత్రం ఆ పేజీ దగ్గర ఆగిపోయి, తనకే చదవడం రావట్లేదనుకుంది. డబ్బు పోయినందుకు కాదు, నాకు ఒళ్లు మండింది అక్కడే.

మిగిలిన వాటిలో చాలావరకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరికే కథలే. ఆ సైటు 2015 నుంచి ఉంది, తెలుగు కథలూ బోలెడు. వాటిని అచ్చు వేసి అమ్ముకోవడం తప్పు కాదు, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. కానీ రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు ఉండి తీరాలి. వీళ్లు ఆ పేజీనే తీసేశారు. దాంతోపాటు కథ ఏ లెవెల్‌దో చెప్పే సమాచారమూ పోయింది. అందుకే కూడబలుక్కుని చదివే పిల్లల పెట్టెలో, గడగడా చదివేవాళ్లకి ఉద్దేశించిన నాలుగో లెవెల్ కథలు వచ్చిపడ్డాయి.

ఇక ఆ ప్లాన్. అక్టోబరులో రాలే ఆకుల కథలు, డిసెంబరులో మంచుబొమ్మ కథలు. బతుకమ్మ లేదు, సంక్రాంతి లేదు. ఏదో అమెరికా జాబితాని దింపేశారు. మా తోడికోడలు వాళ్ల ఆరేళ్ల బాబుకి తెప్పించిన కిట్‌లోనూ ఇదే ప్లాన్ ఉంది, అట్ట మీద వయసు ఒక్కటే మార్చారు.

“ఎన్‌ఐఓఎస్ ఆమోదించినది” అనే మాట కూడా నమ్మకండి. ఎన్‌ఐఓఎస్ అంటే కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విద్యా సంస్థ. పిల్లల కోసం అది నడిపే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ, బి, సి లెవెళ్లు 3, 5, 8 తరగతులతో సమానం. వాటికి ఆ సంస్థ పాఠ్యపుస్తకాలు వేరే ఉన్నాయి. ప్రైవేటువాళ్ల కథల కిట్‌కి ముద్ర వేసే పని దానిది కాదు. బిల్లు కూడా చూడండి. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. మా బిల్లులో పుస్తకాల పక్కనే 18 శాతం వేశారు!

కొనాల్సి వస్తే ముందు పేర్లు, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) అడగండి. మన దేశంలో అచ్చయిన పుస్తకాలకి ఆ నంబరు మామూలుగా 978-81తో గానీ 978-93తో గానీ మొదలవుతుంది. లోపలి పేజీ ఒకటి ఫోటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి, టెన్షన్ ఉండదు.

నిజానికి ఏడాది ప్లాన్ ఎవరూ అమ్మలేరు. పిల్ల ఈ నెల ఏది ఇష్టపడిందో చూస్తేనే వచ్చే నెలకి ఏం కావాలో తెలుస్తుంది. ఒక పేజీ పైకి చదివించండి. నాలుగైదు మాటల దగ్గర తడబడితే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టి, మీరే చదివి వినిపించండి. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలోవి, తూలిక వాళ్ల ద్విభాషా పుస్తకాలు విడివిడిగా కొనుక్కోవచ్చు. మా ఇంట్లో రెండు నెలలకి మించి ముందుగా కొనడం మానేశాం.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చూపించింది ఒకటి పంపింది ఒకటి అయితే వాపసు తీసుకోననే హక్కు అమ్మకందారుకి లేదు. సీల్ చించారన్న సాకు చెబితే ఈ మాటే చెప్పండి. పేమెంట్ స్క్రీన్‌షాట్, ప్రకటన స్క్రీన్‌షాట్, పార్సిల్ మీది పంపినవారి చిరునామా జాగ్రత్త చేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు పెట్టగానే, అంతవరకూ మెసేజ్‌లకి పలకనివాళ్లు “సగం ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి” అని దిగొచ్చారు. ఒప్పుకోలేదు. మొత్తం వస్తే చెబుతాను.