ఉప్పునీటి అక్వేరియానికి హేచరీ చేపా, సముద్రంలో పట్టిన చేపా?

భీమవరం వైపు వాళ్లకి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువులో హేచరీ పిల్ల వేయాలా, కాలవల్లో ఏరిన పిల్ల వేయాలా అని ఒకప్పుడు వాదించుకున్నవాళ్లే కదా.

క్లౌన్ ఫిష్ (నారింజ ఒంటిమీద తెల్ల చారలుండే చేప) అయితే ఆలోచించకుండా హేచరీదే కొనండి. తొట్టెలో పుట్టి పెరిగింది గనక గుళికల మేతకి అలవాటుపడే ఉంటుంది. సముద్రంలో పట్టినది వల, పడవ, సంచి, విమానం దాటి వచ్చేసరికి నీరసించిపోతుంది. తెల్లమచ్చల జబ్బు (రొయ్యలకొచ్చే వైరస్ కాదు, చేపల ఒంటికి పట్టే పరాన్నజీవి) మోసుకొచ్చే ప్రమాదమూ ఎక్కువ. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లో కొన్నిచోట్ల సైనైడ్ చల్లి పడతారు. అలాంటి చేప దుకాణంలో బాగానే ఈది, ఇంటికొచ్చాక పోవచ్చు.

హేచరీ చేపకి చారలు వంకరగా రావచ్చు (దానికే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లిష్టం). అసలు చిక్కల్లా రకాలు తక్కువ కావడమే. బ్లూ టాంగ్ అనే నీలం చేపని తొట్టెలో పుట్టించి పెంచడం 2016లో గానీ కుదరలేదు. అలాంటివి కావాలంటే చాలావరకు సముద్రపు చేపే గతి. కొనేముందు మీ కళ్లెదుటే మేత వేయించి చూడండి, తెచ్చాక నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచండి. మాండరిన్ చేప మాత్రం సముద్రానిది వద్దు. నీళ్లలో బతికున్న బుల్లిబుల్లి పురుగుల్లాంటి జీవుల్ని తప్ప ముట్టక, చాలాసార్లు ఆకలితోనే చస్తుంది. సముద్రగుర్రాల జోలికి అసలే పోవద్దు, 2001 నుంచి అవి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చాయి.

ఏ చేప కొన్నా కాకినాడ, అంతర్వేది తీరం నీళ్లు పట్టుకొచ్చి పోయకండి. వరదల్లో గోదావరి కలిసి ఉప్పు పడిపోతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పునీటి అక్వేరియానికని అమ్మే ఉప్పు (మెరైన్ సాల్ట్) కలిపి, లీటరుకి 35 గ్రాముల దగ్గర నిలపండి.