మా ఊరి వాటర్ ప్లాంట్: నీళ్లకు 4 స్టార్లు, నిర్వహణకు 2

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఊళ్లో ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకు పెట్టే ఖర్చు) డబ్బుతో పెట్టిన ఆర్ఓ ప్లాంట్ నీళ్లే ఇప్పుడు తాగుతున్నాం. కార్డు పెడితే 20 లీటర్ల క్యాన్ నిండుతుంది, 5 రూపాయలు. నీళ్లు తేటగా ఉంటాయి, కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది. మా అత్తయ్యకైతే ఆ నీళ్లతో పెట్టిన టీయే కావాలి.

తంటా అంతా మెషీన్ ఆగినప్పుడే. మంచి ఎండల్లో మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) పాడైతే కంపెనీకి ఫోన్ చేశాం. ‘ఆ ప్రాజెక్టు క్లోజ్ అయిపోయిందండీ’ అన్నారు. చివరికి ఊరంతా చందాలేసుకుని మార్పించాం. గోడ మీద కంపెనీ బోర్డు మాత్రం తళతళలాడుతూనే ఉంది! ప్లాంట్ వదిలే ఉప్పు నీళ్లు పక్క కాలువలోకే పోతున్నాయి, అడిగే నాథుడు లేడు.

ఒకప్పుడు ఇలాంటివి యజమాని దయ మీద నడిచేవి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ అమల్లోకి వచ్చాక, 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ పనులకు ఖర్చు పెట్టాలి. 2021 నుంచి అందులో ఖర్చు కాకుండా మిగిలిన సొమ్మును తమ దగ్గరే ఉంచుకోవడానికీ వీల్లేదు. అయితే ఏడాదికి మించి కొనసాగే ప్రాజెక్టుకు గడువు, మొదలైన ఏడాది కాక మూడేళ్లే. ఆ తర్వాత ఫిల్టర్లు ఎవరు మార్చాలో మా ఒప్పంద కాగితంలో ఒక్క ముక్క లేదు. మీ ఊరికి ఎవరైనా ప్లాంట్ ఇస్తామంటే, రిబ్బన్ కత్తిరించక ముందే అది రాయించుకోండి.