బొలోన్యా: వసారాల ఊరు, వెనక కొండలు

మాస్టర్స్ కోసం ఇటలీలోని బొలోన్యా వచ్చిన మొదటి నెలలో నన్ను ఏడిపించింది గది. సెప్టెంబరులో విద్యార్థులంతా ఒక్కసారే ఈ ఊళ్లో దిగుతారు. స్టేషన్ దగ్గర ఒక హాస్టల్లో పదకొండు రోజులు ఉన్నాను. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లకు లోటు లేదు. వంటగదికి మాత్రం రాత్రి ఎనిమిదింటికే తాళం వేసేవాళ్లు. క్లాసులయ్యి వచ్చేసరికి అన్నం వండుకునే దారి ఉండేది కాదు. ఒక ఇంటాయన గది చూపించకుండానే మూడు నెలల అడ్వాన్సు పంపమన్నాడు. రేపు చూపిస్తా, ఎల్లుండి చూపిస్తా అంటూ తిప్పాడు. నేను పంపలేదు, మీరూ పంపకండి. చివరికి గుంటూరు అక్క ఒకావిడ ఫ్లాట్లో సగం గది దొరికింది. స్టేషన్ వెనక బొలోన్యీనా పేటలో. పాత ఊరంత అందంగా ఉండదు కానీ అద్దె తక్కువ, వీధి చివర బంగ్లాదేశీ కొట్లో కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. మళ్లీ వచ్చినా అక్కడే ఉంటాను.

గదులకు కరువన్నది ఇక్కడ వందల ఏళ్ల నాటి మాట. యూనివర్సిటీ 1088లో పుట్టిందంటారు. చదువుకోడానికి వచ్చే జనం పెరిగేకొద్దీ ఇళ్లవాళ్లు పై అంతస్తులను వీధి మీదకు పెంచి, కింద కర్రస్తంభాలు నిలబెట్టారు. ఆ స్తంభాల మధ్య మిగిలిన దారే ఇప్పటి పోర్టికో. 1288లో నగరం దాన్ని చట్టం చేసింది: కొత్త ఇంటికి పోర్టికో ఉండి తీరాలి, గుర్రం మీద మనిషి వంగకుండా వెళ్లేంత ఎత్తు ఉండాలి. ఇవాళ అన్నీ కలిపి 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో జాబితాకెక్కాయి. మన పెంకుటింటి వసారా ఉంది చూడండి, దాన్ని ఇంటి నుంచి ఇంటికి కలుపుతూ ఊరంతా పరిచినట్టు. స్ట్రాదా మజ్జోరేలో కాజా ఇసొలానీ ముందు పాత ఓక్ స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. చెయ్యి వేసి చూశాను. మా తాతయ్య ఇంటి దూలంలాగే నిలువునా బీటలు, గరుకుగా, చలికాలంలో కూడా రాతి కంటే వెచ్చగా.

రెండు గోపురాల కోసం వచ్చేవాళ్లకు ఒక మాట. పక్కకు ఒరిగిన గారిజెండా ప్రమాదంలో ఉందని 2023 అక్టోబరులో చుట్టూ దారి మూసేశారు. రెండోదైన 97 మీటర్ల అసినెల్లీ గోపురం ఎక్కడం కూడా అప్పుడే ఆపేశారు. కింద నుంచి చూసి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న సాన్ పెత్రోనియో చర్చికి వెళ్లండి. నేల మీద ఖగోళ శాస్త్రవేత్త కస్సీని 1655లో గీయించిన మధ్యాహ్న రేఖ ఉంది. పైన చిన్న రంధ్రం లోంచి ఎండ నాణెంలా పడి ఆ గీతను దాటుతుంది. వేసవిలో అయితే ఒంటిగంట దాటాక పావుగంటకు అటూ ఇటూగా చూడాలి. చర్చి ముందున్న చౌకు పక్కనే సాలా బోర్సా గ్రంథాలయం. ప్రవేశం ఉచితం. అద్దాల నేల కింద రోమన్ల నాటి గోడలు కనిపిస్తాయి. పరీక్షల ముందు నా చదువంతా అక్కడే సాగింది.

ఒక్కరోజే ఉండేవాళ్లు మిగతావి వదిలేసినా సరే, సాన్ లూకా కొండ మాత్రం ఎక్కండి. పోర్తా సారగోత్సా ద్వారం నుంచి కొండ మీది చర్చి దాకా 666 కమానుల కింద దాదాపు 3.8 కిలోమీటర్ల నడక. మెలోంచెల్లో కమాను వరకూ చదును, ఆ తర్వాత పిక్కలు పట్టేసే ఎక్కుడు. చౌకు నుంచి టూరిస్టుల బండి ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తే ఎక్కించండి, మనకెందుకు? నడుస్తుంటే నాకు అలిపిరి మెట్లు గుర్తొచ్చాయి. అదే పైకప్పు నీడ, అదే ఆయాసం, పక్కనుంచి జపమాల తిప్పుకుంటూ పోయే ముసలమ్మలు. 1674లో మొదలైన ఈ కట్టడం జనం చందాలతో లేచింది. ఏ కమాను ఎవరు కట్టించారో చెప్పే రాతిఫలకాలు గోడలకున్నాయి. మన గుళ్లో మెట్ల మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని చెక్కిస్తాం కదా, ఆగి ఆగి అలాగే చదువుకుంటూ వెళ్లాను.

పైన ఉన్నది మేరీమాత పటం. 1433లో ఆగకుండా వానలు కురిసి పంటలు పోతున్నాయని ఆ పటాన్ని ఊళ్లోకి ఊరేగించారట, వాన ఆగిందట. అప్పటి నుంచి ఏటా వసంతంలో అమ్మవారు కిందకు దిగుతుంది. మావైపు వాన కోసం కప్పతల్లిని ఊరేగిస్తారు, వీళ్లు వాన ఆగడం కోసం అమ్మను ఊరేగించారు. ఈ కథ చెప్పిన ముసలాయన నా కప్పతల్లి సంగతి విని ఎంత సంబరపడ్డాడో!

తిండి సంగతి. చౌకు మీది హోటళ్లలో రేటు ఎక్కువ, రుచి తక్కువ. శాకాహారులు ఒక్క అక్షరం గుర్తుపెట్టుకోండి: టోర్టెల్లీనీలో పందిమాంసం, టోర్టెల్లోనీలో మామూలుగా రికొట్టా జున్ను. వెన్నలో సేజ్ ఆకు వేయించి పోసిన టోర్టెల్లోనీ కమ్మగా ఉంటుంది. పర్మిజానో జున్నులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అది వద్దని ముందే చెప్పాలి.

కొండల్లోకి ఇంకాస్త దూరం పోవాలంటే పొర్రెత్తా వైపు వెళ్లే చిన్న రైలెక్కి మార్సబొత్తోలో దిగండి. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్లోని మిషన్లో ముద్ర వేయించుకోవాలి. నాకది తెలీక జరిమానా కట్టాను, ఆ వారం కూరగాయల డబ్బు అందులోనే పోయింది. ఊరి పక్కనే రోమన్ల కంటే ముందు ఇక్కడ బతికిన ఎట్రుస్కన్ల పట్టణం, దాదాపు 2,500 ఏళ్ల నాటిది. గళ్లగళ్లుగా వీధులు, పక్కన మురుగుకాలువలు ఇప్పటికీ తెలుస్తాయి. ఊళ్లో చర్చి కింద సమాధి మందిరం ఉంది. 1944 సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 5 దాకా నాజీ ఎస్.ఎస్. దళాలు ఈ కొండపల్లెల్లో దాదాపు 770 మందిని చంపాయి. గోడల మీద పేర్లు, పక్కన వయసులు. రెండేళ్లు, ఏడేళ్లు, అరవై... ఒకే ఇంటిపేరు వరసగా వస్తుంటే చదవలేక కాసేపు బయట కూర్చున్నాను.

ఇంకోసారి అక్కతో కలిసి ఆ చంపుడు జరిగిన మోంతె సోలె కొండ ఎక్కాను. ఉదయాన్నే బయల్దేరాలి, నీళ్లు, తిండి వెంట ఉండాలి, చెప్పులతో కుదరదు. ఎత్తు మీద చెస్ట్‌నట్ చెట్ల గాలి, ఎటు చూసినా మడతలు పడ్డ కొండలు. కసాల్యా పల్లె శ్మశానం చిన్న గోడ మధ్య ఉంది. చర్చిలో తలదాచుకున్న ఆడవాళ్లను, పిల్లలను అక్కడికే తోలుకొచ్చి కాల్చారు. అక్క సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. కిందకు దిగి, స్టేషన్ బెంచీ మీద కూర్చుని తిన్నాం.