బ్రహ్మోత్సవాలకు ఏ రోజు మేలు: గరుడ సేవా, ఏడో రోజా?

శ్రావణం దాటిందంటే చాలు, ఒకటే ప్రశ్న. "ఈసారి తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్దామనుకుంటున్నాం, గరుడ సేవ రోజే వెళ్లాలా, వేరే రోజైనా పర్వాలేదా?" తొమ్మిది రోజులూ కొండ మీద ఉండగలిగేవాళ్లకు ఈ బాధే లేదు. ఒక రోజో రెండు రోజులో సెలవు పెట్టి పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ల కోసం ఇది.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. వెళ్తున్నది వాహన సేవకా (స్వామి ఉత్సవమూర్తిని వాహనం మీద వీధుల్లో ఊరేగించడం), గర్భగుడిలోని మూలవిరాట్టు దర్శనానికా? ఉత్సవాల రోజుల్లో ఆర్జిత సేవలు ఉండవు. వృద్ధులకు, దివ్యాంగులకు, చంటిపిల్లల తల్లిదండ్రులకు ఇచ్చే ప్రత్యేక దర్శనాలు కూడా రద్దు చేస్తారు. అమ్మకు డెబ్బై దాటాయి కదా, సీనియర్ సిటిజన్ లైన్లో పంపేద్దాం అన్న ధీమాతో వచ్చినవాళ్లు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో కూర్చోవాల్సి వస్తుంది. దర్శనమే ముఖ్యమనుకుంటే ఇంకో నెల చూసుకోండి. వాహన సేవకు మాత్రం ఇవే రోజులు. గుడి చుట్టూ ఉన్న మాడ వీధుల్లోని సామాన్య గ్యాలరీలకు టికెట్ లేదు, పాసు లేదు. ఎవరైనా అమ్ముతామంటే నమ్మకండి.

ఇక గరుడ సేవ. అయిదో రోజు రాత్రి. పొద్దున పల్లకిలో మోహినీ అవతారం, రాత్రికి గరుడ వాహనం. మూలవిరాట్టుకు వేసే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామ మాల ఆ రాత్రి ఊరేగే ఉత్సవమూర్తి మలయప్పస్వామి మెడలో ఉంటాయి. జనం అంతలా ఎగబడటానికి కారణం అదే. చెన్నై నుంచి వచ్చే గొడుగులు కూడా అందుకే. చూడదగ్గది కాదని ఎవరూ అనలేరు.

అయితే లెక్క చూడండి. నాలుగు మాడ వీధుల గ్యాలరీల్లో పట్టేది సుమారు 2 లక్షల మంది. వాహనం కదిలేది సాయంత్రం ఆరున్నర, ఏడు ప్రాంతంలో. సీట్లు మాత్రం పొద్దుటి నుంచే నిండుతుంటాయి. మధ్యాహ్నం పన్నెండింటికి చేరినవాళ్లు కూడా బయటి రోడ్లలో క్యూలో నిలబడి, గ్యాలరీలో ఖాళీ అయినప్పుడు లోపలికి వెళ్లాల్సిందే. అంటే పది, పన్నెండు గంటలు సిమెంటు మెట్ల మీద కూర్చుంటే స్వామి మన ముందు ఉండేది కొద్ది నిమిషాలు. అన్నప్రసాదం, మజ్జిగ, మంచినీళ్లు శ్రీవారి సేవకులు కూర్చున్న చోటికే తెచ్చిస్తారు. ఆకలికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా బాత్రూమ్‌తోనే. మరుగుదొడ్లు గ్యాలరీ బయట ఉంటాయి. ఒకసారి లేచి వెళ్తే తిరిగి అదే చోటికి రావడం గగనం. దాంతో పెద్దవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, ఎండకు సాయంత్రానికల్లా కళ్లు తిరుగుతాయి. షుగరు ఉన్నవాళ్లు, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లు, గర్భిణులు, అయిదేళ్ల లోపు పిల్లలు, వీళ్లలో ఒక్కరున్నా ఆ రోజు వద్దనే చెబుతాను. ఏది మేలన్న ప్రశ్నకు నా దృష్టిలో జవాబు తేల్చేది ఇదే: కూర్చున్న చోటి నుంచి లేచి వెళ్లి తిరిగి రాగలమా, లేదా?

దిగడం మరో కథ. వాహనం రాత్రి పదకొండు దాటాక గానీ ముగియదు. లక్షల మంది ఒక్కసారే బస్టాండు దారి పడతారు. ఆర్టీసీ రాత్రంతా బస్సులు తిప్పినా క్యూ తరగదు. ఆ రాత్రికి తిరుపతిలో రైలు టికెట్ తీసుకోవద్దు. మర్నాడు మధ్యాహ్నం తర్వాతి రైలే క్షేమం. ఘాట్ రోడ్ల మీద ద్విచక్ర వాహనాలను ముందు రోజే ఆపేస్తారు. పైన పార్కింగ్ నిండితే కార్లను కూడా కిందే నిలిపేస్తారు.

దానికి బదులు ఏడో రోజు పెట్టుకోండి. ఒకే రోజు రెండు వాహనాలు. ఉదయం ఎనిమిదికి సూర్యప్రభ, ఎర్రటి పూలమాలలతో. రాత్రి ఏడింటికి చంద్రప్రభ, తెల్లటి పూలతో. ఒక్కోటీ రెండు గంటలు సాగుతుంది. అయిదో రోజు జనం అప్పటికి కిందికి దిగిపోయి ఉంటారు. వారాంతం కాకపోతే గంటన్నర ముందు వెళ్లినా కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మధ్యలో తొమ్మిది గంటల ఖాళీ. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేసి గదిలో నడుం వాల్చి రావచ్చు. గది దొరకకపోతే తిరుపతిలో దిగి, మధ్యాహ్నం కిందికి వెళ్లి సాయంత్రం మళ్లీ ఎక్కవచ్చు. బస్సు ప్రయాణం ముప్పావుగంట, తనిఖీతో కలిపి గంటన్నర వేసుకోండి.

మూడు వందల రూపాయల దర్శనం టికెట్ చేతిలో ఉంటే స్లాట్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. సాయంత్రం నాలుగు, అయిదు గంటల స్లాట్ తీసుకుంటే రాత్రి వాహనం వదులుకున్నట్టే, క్యూలో ఉండగానే అది వీధులు తిరిగేస్తుంది. ఉదయం పదకొండు, పన్నెండు స్లాట్ అయితే సూర్యప్రభ చూసి వెళ్లి, చంద్రప్రభకు బయటికి రావచ్చు.

కూర్చునే చోటు గురించి కూడా కాస్త. వాహనం, వాహన మండపం దగ్గర బయల్దేరి తూర్పు, దక్షిణ, పడమర, ఉత్తర మాడ వీధుల మీదుగా తిరిగి వస్తుంది. పిల్లలు త్వరగా నిద్రపోయే కుటుంబం దక్షిణ మాడ వీధి చూసుకోవాలి. ఉత్తరం వైపు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, కానీ రద్దీ కొంత పలుచన. వీధి మధ్యలో కూర్చుంటే స్వామి ముఖం పక్క నుంచే కనిపిస్తుంది. మూల మలుపు దగ్గర కూర్చుంటే వీధి పొడవునా ఎదురుగా వస్తూ కనిపిస్తారు, తిరిగేటప్పుడు వాహనం నెమ్మదిస్తుంది కూడా. ముందు ఏనుగులు, కోలాటాలు, ప్రబంధం చెప్పే జీయర్ల గోష్ఠి వెళ్లాకే వాహనం వస్తుంది. కోలాటాలు కనపడగానే లేచి నిలబడి వెనకవాళ్లతో తిట్లు తినకండి.

వాన పడితే వాహనం మీద ఘటాటోపం (తడవకుండా వేసే కప్పు) వేస్తారు, అలంకారం సగం మరుగునపడుతుంది. అది ఏ రోజుకైనా ఉన్న ముప్పే. గొడుగు కంటే రెయిన్‌కోటు నయం, గొడుగు విప్పితే వెనకవాళ్లకు ఏమీ కనపడదు. మాడ వీధుల్లోకి చెప్పులు వేసుకురాకూడదు, గదిలోనో బస్సు దిగిన చోటి స్టాండులోనో వదిలేయండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అనుమతి లేదు, స్టీలు సీసా తెచ్చుకోండి. కింద పరుచుకోవడానికి దళసరి దుప్పటి ఒకటి చాలు.

మిగతావి క్లుప్తంగా. మూడో రోజు సింహ వాహనం, ముత్యపు పందిరి: ఏడో రోజు కుదరకపోతే ఇదే. ఎనిమిదో రోజు రథోత్సవం బాగుంటుంది గానీ పిల్లలతో తాడు దగ్గరికి వెళ్లకండి. తొమ్మిదో రోజు చక్రస్నానానికి పుష్కరిణిలో తోపులాట తప్పదు. ఆ నీటి పవిత్రత రోజంతా ఉంటుందని దేవస్థానమే చెబుతుంది కాబట్టి మధ్యాహ్నం మునిగినా ఒకటే. అధిక మాసం వచ్చిన ఏట, 2023లో లాగా, రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. రెండోదైన నవరాత్రి ఉత్సవాల్లో ధ్వజారోహణం ఉండదు, వాహనాలు దాదాపు అవే.

గరుడ వాహనమే చూడాలన్న పట్టుదల ఉంటే ప్రతి పౌర్ణమికీ తిరుమలలో గరుడ సేవ చేస్తారు, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా. మూలవిరాట్టు నగలు ఉండవు, అంతే తేడా. సాయంత్రం అయిదున్నరకు వెళ్లి కూర్చుంటే చాలు. బయల్దేరే ముందు మాత్రం ఆ పౌర్ణమికి చంద్రగ్రహణం ఉందేమో పంచాంగంలో చూసుకోండి, ఉంటే సేవ రద్దవుతుంది.