నువ్వుల గానుగకు ఏది మేలు: సొంత దేశపు గింజా, దిగుమతి గింజా?

నువ్వుల నూనె, నువ్వుల ముద్ద తయారుచేసే పాత సంస్థలు ఈమధ్య రెండు మాటలు గట్టిగా చెప్పుకుంటున్నాయి. వృథా తగ్గిస్తున్నాం అన్నది ఒకటి. మా దేశపు రైతు దగ్గరే కొంటున్నాం అన్నది రెండోది. ఇవి ప్యాకెట్ మీద చెరో మూల అచ్చవుతాయి, ఒకదానికొకటి సంబంధం లేనట్టు. నాకు మాత్రం ఇవి ఒకే నిర్ణయానికి రెండు కొసల్లా కనిపిస్తాయి. నూనె పిండాక మిల్లులో మిగిలే చెక్కకో పొట్టుకో ఎక్కడో ఒకచోట గిరాకీ దొరుకుతుంది. చేలో కాయ పగిలి నేలపాలైన గింజను మాత్రం ఎవరూ కొనరు. ఆ నష్టాన్ని తగ్గించాలంటే చేను ఎక్కడుందో, రైతు ఎవరో తెలిసి ఉండాలి.

అలాగని దిగుమతిని కొట్టిపారేయలేం. జపాన్‌నే చూడండి. నువ్వుల నూనె లేకుండా అక్కడి వంట సాగదు. అయినా వాడే నువ్వుల్లో 99 శాతానికి పైగా బయటి దేశాలవే. దేశంలో పండే కొద్దిపాటి నువ్వుల్లోనూ ఎక్కువ భాగం కగోషిమా ప్రాంతంలోని కికై అనే చిన్న దీవి నుంచి వస్తుంది. సొంత గింజతోనే నడుస్తామని అక్కడి మిల్లులన్నీ పట్టుబడితే చాలావాటికి తాళం పడుతుంది. దక్షిణ కొరియాది ఇంకో దారి. కోటా దాటి వచ్చే నువ్వుల మీద అక్కడ 630 శాతం సుంకం ఉంది. ఆ గోడ చాటున సొంత రైతు నిలబడ్డాడు, కానీ దేశీ గింజ దిగుమతి గింజకు కొన్ని రెట్ల ధర పలుకుతుంది. తేడా అంత ఉన్నప్పుడు రెండూ కలిపేసి దేశీ పేరుతో అమ్మాలన్న ఆశ కూడా పుడుతుంది.

గింజ దగ్గర పోలిక

దిగుమతి గింజకు మూడు బలాలున్నాయి. కావలసినంత దొరుకుతుంది. యంత్రంలో రంగు చూసి ఏరి, రాళ్లూ మట్టిబెడ్డలూ తీసేసి పంపుతారు కాబట్టి బస్తా విప్పగానే వేయించుకోవచ్చు. ఒక దేశంలో వాన దెబ్బతీస్తే ఇంకో దేశం ఆదుకుంటుంది. నువ్వు పంట సగటు దిగుబడి ప్రపంచమంతా కలిపి చూసినా హెక్టారుకు 500 కిలోల చుట్టుపక్కలే. చేలో నీళ్లు నిలిచాయంటే చచ్చిపోయే పైరు ఇది. అలాంటి పంటకు ఒకే ప్రాంతాన్ని నమ్ముకుని మిల్లు నడపడం అంటే ఏటా టెన్షనే.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. దిగుమతి అనగానే ఎవరో పెద్ద కంపెనీ ఎస్టేటు కళ్లముందు మెదులుతుంది. నిజానికి టాంజానియా, నైజీరియా, బుర్కినా ఫాసో, మయన్మార్ లాంటి చోట్ల కూడా నువ్వులు పండించేవాళ్లలో చిన్న రైతులే ఎక్కువ. దేశీ గింజ కొంటే రైతుకు మేలు, దిగుమతి కొంటే కాదు అనడం సరికాదు. మేలు ఏ రైతుకు, ఎంత చేరుతుందన్నదే అసలు సంగతి.

దిగుమతి బలహీనత సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ఆరా దగ్గర బయటపడుతుంది. 2020 సెప్టెంబరులో భారతదేశం నుంచి వెళ్లిన నువ్వుల్లో ఎథిలీన్ ఆక్సైడ్ ఎక్కువగా ఉందని యూరప్ దేశాలను బెల్జియం హెచ్చరించింది. నిల్వ సరుకులో సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడే వాయువు అది. యూరప్‌లో నువ్వులకు అనుమతించిన హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాములు. ఆ తర్వాత నెలల తరబడి రొట్టెలు, బిస్కెట్లు, సాస్‌లు, చిరుతిళ్లు కుప్పలుగా షాపుల నుంచి వెనక్కి వెళ్లాయి. మిల్లు గోడల లోపల ఎంత పొదుపు చేసినా ఇలాంటి దెబ్బ ఒకటి తగిలితే ఏళ్ల కష్టం చెత్తబుట్టలో పడుతుంది. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఇంకో రకం పాఠం వచ్చింది: సరుకు వచ్చే చోటే గొడవల్లో చిక్కుకోవచ్చని. ప్రపంచంలో ఎక్కువ నువ్వులు పండించే దేశాల్లో అదొకటి.

ఇక దేశీ గింజ. దాని అసలు బలం రుచి అని చాలామంది ప్రచారం చేస్తారు. తాజా గింజకు రుచి బాగుంటుంది, కాదనను. కానీ బాగా వేయించి పిండిన నూనెలో ఆ తేడా పట్టుకోగలిగేవాళ్లు ఎంతమంది? నా దృష్టిలో అసలు బలం కోత దగ్గర ఉంది.

నువ్వు మొక్కలో కింది కాయలు ముందు ముదురుతాయి, పైవి ఆలస్యంగా. పై కాయలు ముదిరేదాకా ఆగితే కిందివి పగిలి గింజ రాలిపోతుంది. తొందరపడి కోస్తే పై కాయల్లో తాలు గింజే మిగులుతుంది. అందుకే ప్రపంచంలో ఇప్పటికీ చాలాచోట్ల చేత్తో కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఆరబెట్టి, తలకిందులు చేసి దులుపుతారు. కాయ పగలని రకం కోసం వెతుకులాట పాతదే. 1943లో వెనెజులాలో డి. జి. లాంగమ్ అనే పరిశోధకుడు అలాంటి మొక్కను గుర్తించాడు. తీరా చూస్తే ఆ కాయ మరీ బిగుసుకుపోయి, నూర్చడమే కష్టమైంది. యంత్రంతో కోయగలిగే రకాలు తర్వాత వచ్చాయి, కానీ చిన్న కమతాల దాకా చేరింది తక్కువే.

ఇక్కడే దగ్గర్లోని మిల్లు చేయగల పని ఉంది. కట్టల కింద పరచడానికి పట్టాలు ఇవ్వొచ్చు. ఏ రోజు కోయాలో చెప్పగలిగే మనిషిని చేల మీదికి పంపొచ్చు. ఒక ఊళ్లో అందరూ ఒకే రకం విత్తనం వేసేలా చూస్తే కోత తేదీలు దగ్గరపడతాయి. వీటిలో ఏదీ పెద్ద పెట్టుబడి కాదు. సముద్రం అవతల ముగ్గురు దళారుల వెనక ఉన్న రైతు విషయంలో మాత్రం మిల్లు యజమాని ఎంత మంచివాడైనా ఇందులో ఒక్కటీ చేయలేడు.

ధర మాట్లాడుకునే పద్ధతి కూడా తేల్చుకోవాలి. కోత అయ్యాక మార్కెట్ రేటుకు కొనడం మిల్లుకు సుఖం. విత్తేటప్పుడే ఒక రేటు ఖాయం చేయడం రైతుకు సుఖం. కానీ బయట రేటు అంతకు మించి పెరిగితే, సరుకు ఇంకెవరి బండికో ఎక్కుతుంది. ఇంతకంటే తగ్గదని ఒక కనీస ధర ముందే చెప్పి, పైన మార్కెట్ ఎంత ఉంటే అంత ఇవ్వడం నాకు మెరుగ్గా అనిపిస్తుంది. దానితోపాటు ఇంకో షరతు ఉండాలి: పంట మొత్తం తీసుకోవాలి. ఒకే రంగులో ఉన్న తెల్ల గింజను మాత్రం ఏరుకుని, మచ్చపడినదీ కలగలిసినదీ రైతు దగ్గరే వదిలేసే సంస్థ వృథా తగ్గించినట్టు కాదు, రైతు గుమ్మం ముందు పోసి వచ్చినట్టు. రంగు మారిన గింజ చల్లుకోవడానికి పనికిరాదేమో గానీ బూజు లేకపోతే నూనెకు పనికొస్తుంది.

పొట్టు తీయాలా, ఉంచాలా?

నువ్వుల బరువులో 15 నుంచి 20 శాతం దాకా పొట్టే. దాన్ని తీయడానికి నానబెట్టాలి, కొన్నిచోట్ల క్షారం కలుపుతారు, రుద్దాలి, ఉప్పునీటిలో వేరుచేయాలి, మళ్లీ ఎండబెట్టాలి. పొట్టుతో పాటు మురికినీరు కూడా మిగులుతుంది.

పొట్టుతో ఉన్న 100 గ్రాముల నువ్వుల్లో కాల్షియం 975 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పొట్టు తీస్తే అది 60 నుంచి 130 మధ్యకు పడిపోతుంది. ఈ లెక్క చూపించి పొట్టు నువ్వులే బలం అంటారు గానీ, ఆ కాల్షియంలో చాలా భాగం సులువుగా కరగని ఆక్సలేట్‌గా ఉంటుంది కాబట్టి ఒంటికి పట్టేది తక్కువ. చేదు కూడా పొట్టులోనే ఉంది. తెల్లగా, మెత్తగా ఉండే ముద్ద కావాలంటే పొట్టు తీయక తప్పదు. నూనె కోసమైతే తీయనక్కర్లేదు. వృథా తగ్గించాలనుకునే సంస్థ పొట్టును ఎలా వాడుకోవాలా అని తల బద్దలుకొట్టుకునే ముందు, తన సరుకుల్లో ఎన్నింటికి నిజంగా పొట్టు తీయాలో చూసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

గానుగా, ఎక్స్‌పెల్లరా?

నువ్వుల్లో నూనె దాదాపు సగం. 100 కిలోల గింజలో 50 కిలోల నూనె ఉందనుకుందాం. నెమ్మదిగా తిరిగే గానుగ చెక్కలో 14 శాతం నూనె వదిలితే బయటికి వచ్చేది 42 కిలోలు. గింజను మరతో గట్టిగా నొక్కి పిండే ఎక్స్‌పెల్లర్ 7 శాతమే వదిలితే 46 కిలోలు. హెక్సేన్ లాంటి ద్రావకంతో తీస్తే చెక్కలో ఒక శాతం కూడా మిగలదు.

ఈ లెక్క చూడగానే గానుగే వృథా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. చెక్కలో మిగిలిన నూనెను తినే నోరు ఉంటే అది వృథా కాదు, పశువుకు శక్తి. గానుగ చెక్కకు గిరాకీ ఉండేది అందుకే. కొనేవాళ్లు లేని చోట మాత్రం అదే నూనె శాపమవుతుంది. చెక్క తొందరగా చెడి వాసన పడుతుంది, పశువు మూతి తిప్పుకుంటుంది. కాబట్టి చుట్టూ పాడి ఉన్న చోట గానుగ, లేనిచోట ఎక్స్‌పెల్లర్. ఇంతకు మించి ఆలోచించాల్సింది పెద్దగా లేదు.

నూనె అసలు తీయకుండా గింజను ముద్దగా నూరేయడం అనే మూడో దారి ఉంది. అందులో చెక్కే మిగలదు. వృథా తక్కువ కావడమే లక్ష్యమైతే నూనె కంటే ముద్దదే పైచేయి. కాకపోతే నూనె పైకి తేలుతుంది, అడుగున గట్టిపడుతుంది. నూనె సీసా కొన్నంత తేలికగా జనం ముద్ద డబ్బా కొనరు.

చెక్క ఎటు పోవాలి?

చెక్కలో మాంసకృత్తులు 35 నుంచి 45 శాతం దాకా ఉంటాయి. మిథియోనిన్, లైసిన్ అనేవి మాంసకృత్తుల్లోని భాగాలు. సోయాలో తక్కువగా ఉండే మిథియోనిన్ నువ్వుల్లో బాగా ఉంటుంది, నువ్వుల్లో తక్కువైన లైసిన్ సోయాలో ఉంటుంది. అందుకే కోళ్ల మేతలో రెండూ కలిపితే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. ఎరువుగా చూసినా చెక్క ఘనమే, 100 కిలోల్లో దాదాపు 6 కిలోల నత్రజని ఉంటుంది.

మనిషి తిండి, పశువు మేత, పొలం ఎరువు: ఈ మూడింటిలో నేరుగా ఎరువుగా వేయడం నాకు చివరి మార్గం. పశువు తిన్నాక కూడా నత్రజనిలో చాలా భాగం పేడగా, మూత్రంగా పొలానికే వస్తుంది. మధ్యలో పాలు లాభం. మనిషి తిండికి వాడాలంటే పొట్టు తీసిన, శుభ్రంగా కడిగిన గింజ చెక్కే కావాలి. అది అన్ని మిల్లులకూ కుదిరే పని కాదు.

ఒక మెలిక ఉంది. ఘాటైన వాసన కోసం గింజను నల్లబడేదాకా వేయిస్తే ఆ వేడికి మాంసకృత్తులు, ముఖ్యంగా అసలే తక్కువగా ఉన్న లైసిన్, దెబ్బతింటాయి. అలాంటి చెక్కను మేలైన దాణా అని అమ్మడం మోసమే, దాన్ని పొలానికే పంపాలి. తేమ సంగతి ఇంకా ముఖ్యం. సరిగా ఆరని చెక్కకు బూజు పడుతుంది, ఆ బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పశువు పాలలోకి దిగుతుంది. పారేయాల్సిన చెక్కను మేతగా మార్చి వృథా లేదని చెప్పుకోవడం కంటే పారేయడమే నయం.

చెక్క విషయంలోనూ దేశీ గింజకే మొగ్గు. గింజ తెచ్చిన బండిలోనే చెక్క తిరిగి అదే ఊరికి పోతుంది, ధరలో కొంత చెక్క రూపంలోనే ఇచ్చుకోవచ్చు. రేవు పక్కన దిగుమతి గింజ ఆడే పెద్ద మిల్లుకు చెక్క కొనే దాణా ఫ్యాక్టరీ ఉంటే చాలు. చిన్న గానుగకు ఆ ఊరే ఫ్యాక్టరీ.

ఇన్ని చెప్పినా, సొంత దేశంలో నువ్వు పండే నేల లేని సంస్థకు నేను దేశీ గింజ సలహా ఇవ్వను. పేరుకు కాస్త కొని, మిగతా అంతా దిగుమతి చేసుకుంటూ, ప్యాకెట్ మీద మాత్రం పొలం బొమ్మ వేసుకోవడం కంటే, ఏ దేశపు గింజో, ఏ ఏడాది పంటో అచ్చు వేసి నిజాయతీగా దిగుమతి సరుకు అమ్మడం మేలు. నేల ఉండి, గింజ చాలని సంస్థ అయితే రెండు సరుకులను విడివిడిగా ఆడించాలి. దేశీ గింజను పొట్టుతో నూనెకు వాడి, పొట్టు తీయాల్సిన తెల్ల ముద్దకు దిగుమతి గింజ పెట్టుకోవాలి. కలగలుపు నూనె అమ్మక తప్పని ఏడాది, సీసా మీద దేశీ వంతు ఎంతో అంకెల్లో వేయాలి.